హంసవేణికి చదవడం రాదు

పుస్తకాలు చదివే పిల్లలు అన్ని సబ్జెక్టుల్లోనూ బాగుపడతారని మన విద్యాశాఖవారు కనిపెట్టారు. ఊరికే కనిపెట్టలేదు. ఏసీ హోటల్లో రెండు రోజులు సదస్సు పెట్టి, పదకొండు మంది నిపుణులకు శాలువాలు కప్పి, ఆ తర్వాతే కనిపెట్టారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వయసులో కథల పుస్తకాల్లో పడిన పిల్లకి లెక్కల్లో ప్రశ్న అర్థమవుతుందట, సైన్సు పాఠం బుర్రకెక్కుతుందట, సోషల్లో ఊరి పేర్లు గుర్తుంటాయట. ఇది నిజమే. అయితే నిజం ప్రభుత్వ కార్యాలయంలోకి అడుగుపెట్టాక దాని గతి ఏమవుతుందో దగ్గరుండి చూశాను గనక రాస్తున్నాను.

నేను కొత్తరేవుపాలెం హైస్కూల్లో సోషల్ మాస్టార్ని. ఊరికి సముద్రం రెండు కిలోమీటర్లు. సగం ఊరు వేటకి పోతుంది, సగం ఊరు ఉప్పు మడుల్లో పనికి పోతుంది. మా బడికి గ్రంథాలయం కూడా ఉంది. గ్రంథాలయం అంటే హెడ్మాస్టర్ గదిలో మూలన ఉన్న ఆకుపచ్చ ఇనప బీరువా. అందులో మూడు వందల పన్నెండు పుస్తకాలు. బీరువా తాళంచెవి హెడ్మాస్టర్ గారి సొరుగులో ఉంటుంది, సొరుగు తాళంచెవి ఆయన సంచీలో ఉంటుంది, సంచీ ఆయన భుజాన ఉంటుంది.

హెడ్మాస్టర్ ఈదర శోభనాచలం గారు చెడ్డవారు కాదు. పుస్తకం పిల్లలకిస్తే నలుగుతుంది. నలిగితే మార్చిలో తనిఖీకి వచ్చినవాళ్లు ఎందుకు నలిగిందని రాతపూర్వకంగా అడుగుతారు. అడిగితే సమాధానం రాయాలి. అందుకని ఆయన తొమ్మిదేళ్లుగా బీరువా తెరవలేదు. తనిఖీవాళ్లు కూడా బీరువా తెరవకుండానే ఏటా రిపోర్టులో 'పుస్తకములు కొత్తవాటివలె ఉన్నవి' అని రాసేవారు. ఈ విషయంలో ఆయనకి జిల్లా కార్యాలయం నుంచి ప్రశంసాపత్రం కూడా వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి ఆ బీరువా మీదే పెట్టుకున్నారు.

జూన్‌లో సర్క్యులర్ వచ్చింది. పథకం పేరు 'సర్వ విషయ పఠన ప్రగతి'. పద్నాలుగు పేజీలు, తొమ్మిది అనుబంధాలు. అసలు సంగతి నాలుగో పేజీలో ఉంది: 'పుస్తక పఠనము వలన విద్యార్థికి ఒనగూరు ప్రయోజనమును ఆరు విషయములకును విభజించి, శాతములలో నిర్ధారించి, నిర్ణీత నమూనాలో నమోదు చేయవలెను. మొత్తము ప్రయోజనము నూరు శాతమునకు మించరాదు.'

స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టర్ గారు ఇది రెండుసార్లు చదివి వినిపించి కళ్లజోడు తీశారు.

"అంటే ఏవిటండీ?" అన్నాడు లెక్కల మాస్టారు.

"అంటే పిల్లాడు పుస్తకం చదివితే వచ్చే లాభం మొత్తం నూరు. దాన్ని ఆరు సబ్జెక్టులూ పంచుకోవాలి."

"ఆ లెక్కన ఒక్కో సబ్జెక్టుకి పదహారు పాయింట్ ఆరు ఆరు. అదన్నా నాకు రావాలి, తగ్గితే ఊరుకోను," అన్నాడు లెక్కల మాస్టారు. ఆయన పదిహేనేళ్ల సర్వీసులో ఒక్క కథల పుస్తకం ముట్టుకోలేదు. అయినా వాటా అనేసరికి మనిషి కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

గంటన్నర వాదించుకున్నాక శోభనాచలం గారే దారి చూపించారు. దశాంశాలతో వేగలేం గనక ఒక్కో పుస్తకాన్ని ఒక్కో సబ్జెక్టుకి రాసేస్తే సరిపోతుందన్నారు. ఆ పుస్తకం వల్ల నూరు శాతం లాభమూ ఆ సబ్జెక్టుకే. మిగతా ఐదు గళ్లలో సున్నాలు.

మర్నాడు బీరువా తెరిచారు. పుస్తకాలన్నీ వరండాలో పరిచి పంపకం మొదలుపెట్టాం. ముగ్గురు దొంగల కథ లెక్కలకి వెళ్లింది, ముగ్గురు ఉన్నారు గనక. చెట్టెక్కి కింద పడ్డ కోమటి కథ సైన్సుకి వెళ్లింది, పడ్డాడు గనక. రాజుగారున్న ప్రతి కథనూ నేను సోషల్‌కి లాక్కున్నాను, ఆ పనిలో నేనేమీ తీసిపోలేదు. ఎవరికీ అర్థంకాని పుస్తకాలు హిందీ టీచరుకి ఇచ్చాం.

సాయంత్రానికి ముప్ఫై ఒక్క పుస్తకాలు మిగిలాయి. అవి దేనికీ కుదరలేదు. ఎందుకు కుదరలేదంటే, వాటిల్లో అన్నీ ఉన్నాయి. ఓ పుస్తకంలో రోగాలున్నాయి, రైలు ప్రయాణాలున్నాయి, ధరలున్నాయి, పాటలున్నాయి. ఏ గడిలో వెయ్యాలి? హెడ్మాస్టర్ గారు వాటిని జనపతాడుతో మూట కట్టించి, 'విషయరహితములు – తొలగించవలసినవి' అని చీటీ అంటించమన్నారు. బీరువాలో బాగున్నవన్నీ ఆ మూటలోకే పోయాయని నాకు తెలుసు. తెలిసీ చీటీకి జిగురు రాసింది నేనే.

ఆ మూట కట్టేటప్పుడే ఏడో తరగతి వాయల హంసవేణి నా వెనక నిలబడింది. పుస్తకాల దుమ్ము దులపడానికి పిలిచిన పిల్లల్లో ఆ అమ్మాయి ఒకతి. వాళ్లమ్మా నాన్నా ఉప్పు మడుల్లో పని చేస్తారు. అందరూ పది పదిహేను పుస్తకాలు దులిపితే ఈమె అరగంట నుంచీ ఒకటే పుస్తకం దులుపుతోంది. అట్ట లేదు, పేరున్న పేజీ లేదు, కథ ఐదో పేజీ నుంచి మొదలవుతుంది. సముద్రం మధ్య రాతిమీద దీపస్తంభంలో తాతతో ఉండే ఓ పిల్ల కథ.

"ఇది ఇంటికి తీసకపోయి సదువుకుంటా సార్. మళ్లీ తెచ్చి ఇస్తా," అంది.

తాళంచెవి ఆ ఒక్కరోజే నా చేతిలో ఉంది. ఎలాగూ తొలగించేదే కదా అనుకున్నాను. "ఎవరికీ చూపించకు," అని ఇచ్చేశాను. బడిలో పుస్తకం ఇచ్చేటప్పుడు మాస్టారు అనవలసిన మాట అదేనేమో ఆలోచించండి.

ఇక పఠన పీరియడ్ మొదలైంది. రోజూ మధ్యాహ్నం రెండు పదికి మొదలై రెండు యాభైకి అయిపోయేది. మూడు తరగతుల పిల్లలు నూట పద్దెనిమిది మందిని ఆవరణలో బారులుగా కూర్చోబెట్టేవాళ్లం. పుస్తకాలు పంచడానికి పది నిమిషాలు. తర్వాత ఒక్కొక్కళ్లకీ పుస్తకం పట్టుకుని ఉండగా ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలి. దానికి పదిహేను నిమిషాలు. పుస్తకాలు వెనక్కి తీసుకుని, లెక్కపెట్టి, నలిగినవేమైనా ఉన్నాయేమో చూసి బీరువాలో సర్దడానికి పదిహేను. మొత్తం నలభై సరిపోయింది. చదవడం అనే పనికి సర్క్యులర్లో వేరే సమయం కేటాయించలేదు. ఆ విషయం హెడ్మాస్టర్ గారు పైవాళ్లని ఫోన్లో అడిగితే, 'పథకములో ఆ అంశము అంతర్లీనముగా ఉన్నది' అన్నారట.

యాప్‌తో ఇంకో చిక్కు వచ్చింది. అది పిల్లల మొహం పోల్చుకుంటుంది. పుస్తకం తెరిచి తల వంచి చదువుతున్న పిల్లల్ని ఫోటో తీస్తే, 'ముఖము కనబడుట లేదు, విద్యార్థి గైర్హాజరు' అని వచ్చేది. మొదటిరోజు అలా పద్నాలుగు మంది గైర్హాజరయ్యారు. రెండోరోజు నుంచి హెడ్మాస్టర్ గారు మైకులో చెప్పడం మొదలుపెట్టారు.

"పిల్లలూ! పఠన సమయములో ఎవ్వరూ పుస్తకంలోకి చూడరాదు. పుస్తకం మూసి, గుండెలకి ఆనించి, తల పైకెత్తి ఎదురుగా చూడాలి. చదువుతూ పట్టుబడినవారు మర్నాడు పేరెంట్‌ని తీసుకురావాలి!"

నెల తిరిగేసరికి పిల్లలు బాగా తయారయ్యారు. విజిల్ వెయ్యగానే నూట పద్దెనిమిది పుస్తకాలు ఒకేసారి గుండెలమీదికి వచ్చేవి. డ్రిల్లు మాస్టారు సంతోషం పట్టలేక ఇంకోసారి విజిల్ వేసేవారు.

ఆగస్టులో యూనిట్ టెస్టు పెట్టాను. ఆటుపోట్లు ఎందుకు వస్తాయి అని ఐదు మార్కుల ప్రశ్న. గైడులో దానికి మూడు లైన్ల జవాబుంది, క్లాసంతా ఆ మూడు లైన్లే రాశారు. కొందరు గైడులోని అచ్చుతప్పుతో సహా రాశారు. హంసవేణి పేజీన్నర రాసింది. చంద్రుడు నీళ్లని లాగడం, సూర్యుడు కూడా లాగడం, ఇద్దరూ ఒకే వరసలోకి వచ్చినప్పుడు పోటు పెద్దదవడం రాసింది. దీపస్తంభం మెట్లు ఎన్ని మునిగితే పున్నమి దగ్గరపడినట్టో పుస్తకంలో తాత చెప్పాడట. అది చదివి, 'మా నాన్న ఉప్పు మడికి నీళ్లు పున్నమికీ అమావాస్యకీ బాగా ఎక్కుతాయి, అష్టమినాడు కాలవ దాటి రావు, ఎందుకో నాకు ఇప్పుడు తెలిసింది' అని ముగించింది.

ఇరవై రెండేళ్లుగా ఆ పాఠం చెబుతున్నాను. ఉప్పు మడులకీ ఆ పాఠానికీ సంబంధం ఉందని నాకెప్పుడూ తోచలేదు. రోజూ బస్సు కిటికీలోంచి ఆ మడులు చూస్తూనే బడికి వస్తాను. చాలా సిగ్గేసింది. ఐదుకి ఐదూ వేసి, చాలక, పక్కన 'భేష్' అని రాశాను.

సెప్టెంబరులో ప్రయోజన నమూనాలు నింపే రోజు వచ్చింది. ఒక్కో పిల్లకి ఒక్కో ఫారం, దానిమీద నంబరు, ఆరు గళ్లు. హెడ్మాస్టర్ గారు బోర్డుమీద ఎవరికి ఏ పుస్తకం, ఏ గడిలో నూరు, ఎక్కడెక్కడ సున్నాలు అన్నీ రాసిపెట్టారు. పిల్లలు చూసి రాశారు. ఒక్క పేజీ చదవని మా బడి నూట పదిహేడు ఫారాలూ ముత్యాల్లా వచ్చాయి. జిల్లాలో ప్రథమ బహుమతి మా బడికే ఖాయమని కార్యాలయంలో గుసగుసలు వినబడ్డాయి. శోభనాచలం గారు కొత్త పంచె కొనుక్కున్నారు.

నూట పద్దెనిమిదో ఫారం హంసవేణిది. ఆమె బోర్డు వైపు చూడలేదు. తను చదివిన పుస్తకం గురించే రాసింది. తెలుగు నూరు, ఇంగ్లీషు నూరు, హిందీ నూరు, లెక్కలు నూరు, సైన్సు నూరు, సోషల్ నూరు. మొత్తం ఆరు వందలు.

ఫారాలన్నీ ఫోటోలు తీసి ఎక్కించగానే యాప్ ఎర్రగా మారిపోయింది. బడి మొత్తం ఒకే ఫైలుగా వెళ్లాలి గనక, ఆ ఒక్క వరస సరికాకపోతే మిగతా నూట పదిహేడూ కదలవు. దిద్దితే 'కొట్టివేతలు అంగీకరించబడవు' అంటుంది. ఇంకో ఫారం పెడితే 'ఈ విద్యార్థికి ఫారం ఇదివరకే జారీ అయినది' అంటుంది. దోషమున్న వరసని పక్కన పెట్టడానికి మాత్రం మూడు కారణాలు చూపిస్తుంది: విద్యార్థి మరణించెను, విద్యార్థి బడి మానెను, విద్యార్థికి చదవడం రాదు.

హెడ్మాస్టర్ గారు మూడూ వరసగా ఆలోచించారు.

"మొదటిదానికి పంచాయతీ సర్టిఫికెట్ అడుగుతారండీ," అన్నారు, కొంచెం విచారంగానే.

"సార్, ఆ పిల్ల ఎదురుగా క్లాసులో కూర్చుని ఉంది," అన్నాను.

"అదే కదండీ చిక్కు. రెండోది పెడదామంటే టీసీ ఇచ్చి పంపెయ్యాలి. అయినా ఆరు వందల శాతం లాభం ఏవిటండీ? వడ్డీ వ్యాపారికి కూడా రాదు. ఎక్కడిదండీ ఆ పుస్తకం?"

ఇచ్చింది నేనేనని అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. హంసవేణి సంచీ వెతికించి, పుస్తకం లాక్కుని, మళ్లీ మూటలో కట్టించేశారు. ఆ పిల్ల నాకేసి చూసింది గానీ నా పేరు చెప్పలేదు.

"లెక్కలేసుకుంటా మెల్లగా సదివా సార్, డెబ్బై పేజీలుండయ్ ఇంకా," అని మాత్రం అంది. "ఆ తాతకి కళ్లు పోతన్నయ్. దీపం ఎవరు ఎలిగిస్తారో తెలవలా."

వారం తిరక్కుండా విచారణకి జిల్లా పఠన సమన్వయాధికారి వచ్చారు. పేరు కిరణ్మయి గారు. వెంట రెండు ఫైళ్లు, ఓ లాప్‌టాప్, అది మోసే అటెండరు. హెడ్మాస్టర్ గది మధ్యలో హంసవేణిని నిలబెట్టారు. కబురు పంపితే తల్లి పోలమ్మ మడిలోంచి అలాగే వచ్చేసింది. పాదాల మీద ఉప్పు తెల్లగా ఆరిపోయి ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, గుమ్మం దగ్గర నిలబడింది.

"చూడమ్మా," అన్నారు అధికారిణి హంసవేణితో. "సదరు పుస్తకము ద్వారా నీకు కలిగిన ప్రయోజనాన్ని ఆరుగా విభజించి చెప్పు. భయపడకు. ఎంత శాతం లెక్కలు, ఎంత శాతం సైన్సు?"

హంసవేణి వేళ్లు మడుస్తూ చెప్పింది.

"విడదీయటానికి రాదు మేడమ్. దీపం పన్నెండు మైళ్ల దాకా కనబడుద్దని ఉంది. ఓడ గంటకి ఎన్ని మైళ్లు వస్తందో ఉంది. అయితే ఎంతసేపట్లో రాతికి గుద్దుకుంటదో నేను లెక్కేశా. అది లెక్కలు. పొగమంచులో దీపం ఎందుకు కనబడదో సైన్సు సార్ని అడిగా, అది సైన్సు. ఓడ ఏ దేశం నించి వస్తందో మ్యాపులో చూశా. జెండాల మీద ఇంగ్లీషు అక్షరాలు ఉంటయ్. ఓడలో వంటాయన హిందీలో తిడతా ఉంటాడు, అయ్యి టీచర్ని అడిగి తెలుసుకున్నా. ఏ ఒక్కటి తీసేసినా ఆ ఓడ ఎట్టా బయటపడుద్దో తెలవదు మేడమ్. అందుకని అన్నిటికీ నూరు రాశా."

సర్క్యులర్ మొదటి పేజీలో నిపుణులు చెప్పింది సరిగ్గా ఇదే. ఆ పద్నాలుగు పేజీలూ, సదస్సూ, శాలువాలూ కోరుకున్న పిల్ల ఎదురుగా నిలబడి జవాబు చెబుతోంది. అధికారిణి గారు ఓ క్షణం మెత్తబడ్డారని కూడా నాకనిపించింది. అంతలో ఆమె లాప్‌టాప్ వైపు చూశారు. తెర ఇంకా ఎర్రగానే ఉంది.

"నీ భావవ్యక్తీకరణ సంతృప్తికరం," అన్నారు. "కానీ అన్నిటికీ పనికొచ్చేదాన్ని నమోదు చెయ్యడానికి గడి లేదు. గడి లేనిది జరగనట్టే పరిగణించాలి. కనుక నువ్వు ఏమీ చదవలేదు."

"సదివా మేడమ్."

"చదివావు. కానీ ప్రభుత్వపరంగా చదవలేదు."

హెడ్మాస్టర్ గారు మెల్లిగా మూడో కారణం ప్రస్తావించారు. అధికారిణికి అది నచ్చింది. పిల్ల బతికే ఉంటుంది, బడిలోనే ఉంటుంది, ఫైలు కదులుతుంది. ఆ పద్ధతిలో మానవీయ కోణం ఉందన్నారు. వెంటనే అనుబంధం ఏడు తీశారు. విద్యార్థికి చదవడం రాదన్న ధ్రువీకరణ పత్రం అది. క్లాసు టీచరు సంతకం, తల్లిదండ్రుల సంతకం, విద్యార్థి వేలిముద్ర ఉండాలి. ఏడో తరగతి క్లాసు టీచర్ని నేనే.

"ఒప్పుకోకపోతే?" అన్నాను. అంతవరకే వచ్చింది నా ధైర్యం.

"ఒప్పుకోకపోతే రెండో కారణమే. టీసీ. ఒక్క విద్యార్థి కారణంగా నూట పదిహేడు మంది పఠనాన్ని బలిపెట్టలేం కదా."

సంతకం పెట్టాను. నా చేతిరాత మీద నాకే అసహ్యం వేసింది.

పత్రం చివర 'పై విషయములు తల్లిదండ్రులకు చదివి వినిపించగా, విని, అర్థము చేసుకొని ఒప్పుకొనడమైనది' అని ఉంది. అందుచేత ఎవరో ఒకరు చదివి వినిపించాలి. అధికారిణి తన కళ్లజోడు కార్లో ఉందన్నారు. హెడ్మాస్టర్ గారు నాకేసి చూశారు. నేను కాయితం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను. హంసవేణి ముందుకొచ్చి నా చేతిలోంచి కాయితం తీసుకుంది. తల్లి పక్కన నిలబడి ఎక్కడా తడబడకుండా చదివింది.

"సదరు విద్యార్థినికి అక్షర పరిజ్ఞానము లేదనియు, పదములను గుర్తించి పఠించు సామర్థ్యము లేదనియు, పలుమార్లు పరీక్షించి నిర్ధారించడమైనది."

పోలమ్మ విని, కూతురి మొహంలోకి చూసింది, తర్వాత మా అందరి మొహాల్లోకీ చూసింది.

"ఎవురికి రాదంట సదవటం?"

"నాకేనమ్మా."

"మరి ఇప్పుడు సదివిందెవురే?"

అటెండరు కిటికీలోంచి బయటికి చూశాడు.

"నాకు సదువు రాదు మేడమ్," అంది పోలమ్మ. "నిరుడు దాకా యాలిముద్రే. ఇదే నన్ను కూకోబెట్టుకుని సంతకం నేర్పిచ్చింది. పొయ్యికాడ బొగ్గుతో గోడంతా రాపిచ్చింది. ఇప్పుడు నన్ను సంతకం పెట్టమని, దాన్ని యాలిముద్ర ఎయ్యమంటారా? మీకు మతి ఉండే మాట్టాడతన్నారా?"

"భాష సరిగా ఉండాలి," అన్నారు హెడ్మాస్టర్ గారు.

"పెట్టమ్మా," అంది హంసవేణి. "పెట్టకపోతే బళ్లో ఉండనియ్యరంట."

పోలమ్మ పెన్ను అడ్డంగా పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, ఒక్కో అక్షరం గీసింది. వాయల పోలమ్మ అని రాయడానికి ఆమెకు రెండు నిమిషాలు పట్టింది. అధికారిణి గడియారం చూసుకున్నారు. తర్వాత ఇంకు పెట్టె కూతురి ముందుకి జరిపారు. హంసవేణి బొటనవేలు ఇంకులో అద్దింది గానీ కాయితం మీద పెట్టలేదు. గాల్లోనే ఆపింది.

"మేడమ్, ఒక మాట. నాకు సదవటం రాదని మీరు రాసుకున్నాక, నేను పుస్తకం సదివితే ఎవరికన్నా ఇబ్బందా?"

అధికారిణి కనుబొమలు ముడిపడ్డాయి. "అదేం ప్రశ్న? చదవడం రానివాళ్లు చదవడం అనేది ఉండదు."

"అయితే ఆ మూట నాకిప్పిచ్చండి. నాకెట్టాగూ రాదు గదా. నా దగ్గరుంటే ఏ గడీ చెడదు."

అధికారిణి హెడ్మాస్టర్ వైపు చూశారు. హెడ్మాస్టర్ మూట వైపు చూశారు. ఇద్దరూ కలిసి పద్నాలుగు పేజీలూ తొమ్మిది అనుబంధాలూ ముందు నుంచి వెనక్కీ, వెనక నుంచి ముందుకీ తిరగేశారు. చదవడం వచ్చినవాళ్లకి పుస్తకం ఇవ్వడంలో నలభై మూడు నిబంధనలున్నాయి. చదవడం రానివాళ్లకి ఇవ్వడంలో ఒక్కటీ లేదు. పైగా అనుబంధం ఎనిమిదిలో, 'అట్టివారిని ప్రత్యేక గదిలో కూర్చుండబెట్టి, పుస్తకములను చేతితో తాకి అలవాటుపడుటకు అవకాశము కల్పించవలెను. వీరికి ఫోటో, నమూనా అవసరము లేదు' అని ఉంది.

"తాకనివ్వచ్చు," అన్నారు అధికారిణి, ఆ పేజీ మీద వేలు పెట్టి. "తాకడం వరకు అభ్యంతరం లేదు."

హంసవేణి వేలిముద్ర వేసింది. తెర పచ్చగా మారింది. నూట పదిహేడు మంది పఠన ప్రగతి రాజధానికి వెళ్లిపోయింది. హెడ్మాస్టర్ గారు అందరికీ కూల్‌డ్రింకులు తెప్పించారు. పోలమ్మ ముట్టుకోకుండా మడికి వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి పాత సైన్సు ల్యాబుని చదవడం రానివారి గది చేశారు. ఇన్‌ఛార్జి నేను. అందులో ఉన్న పిల్ల ఒక్కతే. మధ్యాహ్నం రెండు పదికి ఆవరణలో విజిల్ మోగేది, నూట పదిహేడు పుస్తకాలు గుండెలమీదికి వచ్చేవి. గదిలో హంసవేణి తల వంచుకుని పుస్తకం తాకుతూ ఉండేది. మూడు రోజుల్లో ఆ డెబ్బై పేజీలూ తాకేసింది. దీపం ఎవరు వెలిగించారో నేను అడగలేదు, తనే చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నాలుగోరోజు మూటలోంచి ఇంకో పుస్తకం తీసింది.

అక్టోబరు చివర్లో బహుమతి సభ తేదీ వచ్చింది. సర్వ విషయ పఠన ప్రగతిలో జిల్లాలో ప్రథమ స్థానం, నూటికి నూరు. హెడ్మాస్టర్ గారు ఉపన్యాసం రాసిపెట్టమని నన్నే అడిగారు. నేను రాయడానికి కూర్చున్న మధ్యాహ్నమే ల్యాబు గది ముందు చెప్పుల చప్పుడైంది. తలెత్తి చూస్తే ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. లెక్కపెట్టాను. ఇరవై ముగ్గురు. వెనక ఎనిమిదో తరగతివాళ్లు ఇంకా వస్తున్నారు.

అందరికంటే ముందు ఆరో తరగతి మేరీ ప్రసన్న నిలబడింది. కుడిచేతి బొటనవేలు అప్పటికే పైకెత్తి పట్టుకుంది.

"సార్, నాక్కూడా సదవటం రాదని రాయండి సార్."

"ఎవరు చెప్పారే నీకు రాదని?"

"హంసవేణక్క కథలు చెప్పింది సార్, ఇంటర్వెల్లో. మాక్కూడా కావాలి. మాకు ఫోటో వద్దు సార్."

ఇంతలో శోభనాచలం గారు పరుగున వచ్చారు. వరస చూసి గుండె పట్టుకున్నారు.

"సోషల్ మాస్టారూ! వీళ్లంతా చదవడం రానివాళ్లయిపోతే నా నూరు శాతం ఏమైపోవాలండీ? సభ ఎల్లుండి! పరీక్షించండి, రూలు ప్రకారం ఒక్కొక్కళ్లనీ పరీక్షించండి. చదవడం వచ్చిన ఒక్క పిల్లని కూడా ఆ గదిలోకి రానివ్వద్దు!"

రూలు రూలే. మూటలోంచి చేతికందిన పుస్తకం తీసి మేరీ ప్రసన్న చేతిలో పెట్టాను. ఎక్కడన్నా తెరిచి చదవమన్నాను. ఆ పిల్ల మొదటి వాక్యం కూడబలుక్కుంటూ చదివింది. రెండోది కాస్త నయం. మూడో వాక్యంలో ఎవరో పడవ ఎక్కారు. అక్కణ్ణుంచి వేలు పెట్టుకోవడం మానేసింది. పేరా అయిపోయింది, నేను చాలన్నాను, వినిపించుకోలేదు. పేజీ తిప్పి, నిలబడి ఉన్నదల్లా గడప మీద కూర్చుంది. హెడ్మాస్టర్ గారు పక్కనే నిలబడి పిలుస్తున్నా తలెత్తలేదు.

నేను అనుబంధం ఏడు తీసి, ఆ పిల్ల పేరు రాసి, పక్కన 'పరీక్షించితిని, చదవడం రాదు' అని రాసి సంతకం పెట్టాను.